గ్రాంట్ వచ్చింది, సంతకం పెట్టాలంటేనే భయంగా ఉంది

ఈసారి వచ్చిన ఉత్తరం ఆరు పేజీలుంది. మొత్తం వేస్తే మనిషి ఎవరో తెలిసిపోతుంది కాబట్టి, ఆనవాళ్ళు తీసేసి విషయం వరకు నా మాటల్లో చెప్తాను.

రాసినావిడ వయసు 34. వైర్‌లెస్‌లో పీహెచ్‌డీ చేసి, మూడేళ్ళ కిందట బీటెక్ స్నేహితుడితో కలిసి కంపెనీ పెట్టారు. ఫైబర్ వెళ్ళని పల్లెలకు గాలిలోంచే నెట్ చేరవేసే రేడియో యూనిట్ వీళ్ళ ప్రాజెక్టు. డిజైన్ ఆవిడ చూసుకుంటారు, బయటి వ్యవహారాలు అతను చూస్తాడు. వీళ్ళిద్దరు కాక నలుగురు కుర్ర ఇంజినీర్లున్నారు. ఆవిడ జీతం తీసుకుని 14 నెలలైంది. పోయిన నెల ఒక ప్రభుత్వ పథకం కింద కోటి 20 లక్షల గ్రాంట్ మంజూరైంది. కంపెనీ తన వాటాగా 24 లక్షలు పెట్టాలి. ఒప్పందం మీద సంతకానికి ఇంకా 19 రోజుల గడువుంది.

"ఆఫీసులో అందరూ పండగ చేసుకున్నారు, నాకే నిద్ర పట్టట్లేదు" అని రాశారు. ఎందుకంటే, దరఖాస్తు చివరి ప్రతిని ఆవిడ పూర్తిగా చదివింది మంజూరయ్యాకే. అందులో పరికరం టీఆర్‌ఎల్ (టెక్నాలజీ ఎంతవరకు సిద్ధమైందో చెప్పే మెట్టు) 5లో ఉందని, 256 క్వామ్‌లో (సిగ్నల్‌లోని ఒక్కో ముక్కలో, అంటే సింబల్‌లో, ఎక్కువ బిట్లు కుక్కి వేగంగా పంపే పద్ధతిలో) నిలకడగా నడుస్తోందని, ఏడాదిన్నరలో పది పల్లెల్లో పెట్టి చూపిస్తామని ఉంది. వాస్తవం ఏమిటంటే బోర్డు ఆన్ చేసిన 40 నిమిషాలకు సిగ్నల్ బలం పెంచే పవర్ యాంప్లిఫయర్ వేడెక్కిపోయి సిగ్నల్ చెడిపోతుంది. పక్కన టేబుల్ ఫ్యాన్ పెడితే మళ్ళీ దారికొస్తుంది. దరఖాస్తుతో పంపిన డెమో వీడియో మొదటి 10 నిమిషాల్లో తీసింది. ఫ్యాన్ ఫ్రేములో పడకుండా స్నేహితుడే కట్ చేశాడు. అడిగితే "అందరూ అలాగే రాస్తారు, నువ్వు మరీ హరిశ్చంద్రుడి చెల్లెలిలా మాట్లాడకు, డబ్బు పడ్డాక సరిచేద్దాం" అన్నాడట.

ఇవి చాలవన్నట్టు మరో మూడున్నాయి. 24 లక్షల్లో 18 లక్షలు తన రిటైర్‌మెంట్ డబ్బులోంచి ఇస్తానని నాన్న అంటున్నారు, అమ్మకు చెప్పొద్దంటున్నారు. పీహెచ్‌డీ గైడ్ ఏమో యాంటెన్నా భాగం మీద వేయబోయే పేటెంట్‌లో తన పేరూ ఉండాలంటున్నారు. ఇంకోవైపు ఒక చిప్ కంపెనీ మంచి ఉద్యోగం ఇస్తామంది, రెండు వారాల్లో జవాబు చెప్పాలి. "సంతకం పెట్టనా? నాన్న డబ్బు తీసుకోనా? లేక నేనే మరీ ఎక్కువ ఆలోచిస్తున్నానా?" ఇవీ ఆవిడ ప్రశ్నలు.

సమాధానం:

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. లేదండీ, మీరు ఎక్కువ ఆలోచించట్లేదు. ప్రధాన పరిశోధకురాలిగా ఆ కాగితం మీద ఉన్నది మీ పేరు. ఆరు నెలల తర్వాత కమిటీ వాళ్ళు ల్యాబ్‌కొచ్చి "ఏదీ, ఆన్ చేయండి" అంటే బోర్డు పక్కన నిలబడేదీ మీరే. మీ స్నేహితుడికి నిద్ర పడుతోందంటే అతని ధైర్యం ఎక్కువని కాదు, ఆ బోర్డు ముందు అతను నిలబడక్కర్లేదు, అంతే.

మీ ఉత్తరంలో అన్నీ కలిపి ఒకటే సమస్యలా రాశారు. నాలుగు ముడులున్నాయి, ఒక్కోటి విప్పుదాం, గైడ్‌గారి విషయం చివరికి.

ముందు టీఆర్‌ఎల్. ఇది నాసాలో పుట్టిన కొలత, 1 నుంచి 9 దాకా ఉంటుంది. 4 అంటే ల్యాబ్‌లో పనిచేసింది. 5 అంటే నిజంగా వాడే చోటు ఎలా ఉంటుందో దాదాపు అలాంటి పరిస్థితుల్లో పనిచేసింది. మీ యూనిట్ వాడేది స్తంభం మీద, ఎండలో. ఏసీ గదిలో ఫ్యాన్ పెడితేనే నడిచేదాన్ని 5 అనడానికి ఎలా చూసినా కుదరదు, అది 4. ఇందులో సిగ్గుపడాల్సింది కూడా ఏమీ లేదు, ఎందుకంటే 4లో ఉన్నదాన్ని 6కో 7కో తీసుకెళ్ళడానికే కదా గ్రాంట్లు ఇచ్చేది. అబద్ధం చెప్పాల్సిన అవసరమే లేని చోట మీవాడు అబద్ధం చెప్పాడు, నాకు చిరాకు పుట్టించింది అదే.

'అందరూ అలాగే రాస్తారు' అన్నదాంట్లో కొంత నిజముంది, కాదనను. నేను కొన్నాళ్ళు ఇలాంటి ప్రతిపాదనలు చదివే పని చేశాను. గడువులు కొంచెం ఆశగా వేసుకోవడం ప్రతివాళ్ళూ చేస్తారు, చదివేవాళ్ళకూ తెలుసు, మనసులోనే ఆరు నెలలు కలుపుకుని చదువుతారు. కానీ 'చేస్తాం' అని ఎక్కువ చెప్పడం వేరు, 'చేశాం' అని లేనిది చెప్పడం వేరు. పది పల్లెలు అనేది మొదటి రకం. ఫ్యాన్ దాచిన వీడియో రెండో రకం. మొదటిదానికి కమిటీ విసుక్కుని గడువు పొడిగిస్తుంది. రెండోదానికి ఒప్పందంలో 'తప్పుడు సమాచారం ఇస్తే' అంటూ ఒక పేరా ఉంటుంది చూడండి, డబ్బు వడ్డీతో సహా వెనక్కి తీసుకోవడం గురించి. మీ ఒప్పందంలో అది ఏ పేజీలో ఉందో ఈ రోజే వెతకండి.

ఇప్పుడు సంతకం సంగతి. మీ ముందు మూడు దారులున్నాయి.

ఉన్నది ఉన్నట్టు సంతకం పెట్టేయడం ఒకటి. మొదటి విడత పడుతుంది, నలుగురు కుర్రాళ్ళకూ జీతాలొస్తాయి, ఒక ఆరు నెలలు బాగానే గడుస్తాయి. ఆ ఆరు నెలల్లో వేడి సమస్య తీరిపోతే ఎవరికీ ఏమీ తెలియదు, మీ స్నేహితుడి లెక్క కూడా అదే. తీరకపోతే? బోర్డు ఒకసారి మార్చి చేయించాలంటేనే నెలన్నర, రెండు నెలలు పడుతుంది, అదీ విడిభాగాలు దొరికితే. అంటే ఆరు నెలల్లో మీకు దక్కేది రెండు ప్రయత్నాలు, బాగా అదృష్టముంటే మూడు. రివ్యూకి వచ్చేవాళ్ళు పది నిమిషాలు చూసి వెళ్ళిపోరు, కబుర్లు చెప్తూ గంటసేపు కూర్చుంటారు, వాళ్ళలో ఒకరైనా రేడియో మనిషి ఉంటారు. రెండో విడత అక్కడే ఆగిపోతుంది. అప్పటికి మొదటి విడత ఖర్చయిపోయి ఉంటుంది, మీ నాన్నగారి డబ్బుతో సహా.

ఇంకో దారి, సంతకానికి ముందే పథకం అధికారికి రాసి మైలురాళ్ళు, అంటే ఏ దశలో ఏం చూపించాలో, మార్పించుకోవడం. నా మొగ్గు ఇటే, ఎందుకో చెప్తాను, ఆ తర్వాత నష్టాలూ చెప్తాను.

మీ బోర్డు 40 నిమిషాల తర్వాత ఎంత చెడిపోతోందో అంకెతో సహా రాశారు, చాలా మంచి పని చేశారు. ఎర్రర్, అంటే సిగ్నల్ ఉండాల్సిన చోటు నుంచి పక్కకు జరగడం, 6 శాతం దాకా వెళ్తోందన్నారు. 256 క్వామ్‌కి మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ పెట్టిన హద్దు 3.5 శాతం, కాబట్టి అక్కడ తప్పారు. కానీ 64 క్వామ్‌కి హద్దు 8 శాతం! అంటే ఇవాళ ఉన్న బోర్డే, ఫ్యాన్ లేకుండా, 64 క్వామ్‌లో పాసయ్యే అవకాశముంది. పోయేదేమిటి? ఒక్కో సింబల్‌కి 8 బిట్లు బదులు 6 బిట్లు, అంటే గరిష్ఠ వేగంలో పావు వంతు. ఒక పల్లెకు నెట్ అసలు లేకపోవడానికీ, ముప్పావు వేగంతో ఉండటానికీ తేడా చూడండి. మొదటి మైలురాయిని '64 క్వామ్‌లో, ఫ్యాన్ లేకుండా, 8 గంటలు ఆగకుండా' అని రాసుకుని, 256ను రెండో దశలో పెట్టుకుంటే ప్రతిపాదన బలహీనపడదు, నన్నడిగితే బలపడుతుంది.

ఈ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ఒకసారి గుర్తు చేసుకోండి. మీ పథకం ఏదో నేను రాయను గానీ, మన దేశంలో టెలికం పరిశోధనకు గ్రాంట్ అంటే ముందు గుర్తొచ్చేది 2022 అక్టోబర్‌లో మొదలైన టెలికం టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్. టెలికం కంపెనీలు తమ సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతం సార్వత్రిక సేవల నిధికి కడతాయి. ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి. ఆ నిధికి ఏటా వచ్చేదాంట్లో 5 శాతం ఈ పరిశోధన ఫండ్‌కి కేటాయించారు. అంటే పల్లెలకు ఫోన్లూ నెట్టూ చేర్చడానికని వసూలు చేసిన డబ్బులోంచి వస్తోంది. అలాంటి డబ్బు ఇచ్చేవాళ్ళు మిమ్మల్ని అడగాల్సిన ప్రశ్న ఎంత వేగం అని కాదు, ఎంత దూరం, ఎంతసేపు అని. 5జీకి ఐటీయూ (ఐక్యరాజ్యసమితి టెలికం సంస్థ) షరతులు తయారవుతున్నప్పుడు మన దేశపు టెలికం ప్రమాణాల సంస్థ టీఎస్‌డీఎస్‌ఐ పట్టుబట్టింది కూడా దూరం గురించే కదా, పల్లె ప్రాంతాల్లో టవర్‌కీ టవర్‌కీ మధ్య 6 కిలోమీటర్లున్నా పనిచేయాలి అని. వేగం తగ్గించి నిలకడ పెంచుతాం అని మీరు రాస్తే ఆ గదిలో అర్థం చేసుకునేవాళ్ళుంటారు.

ఇక నష్టాలు. ఫైలు మళ్ళీ కమిటీకి వెళ్ళొచ్చు, రెండు మూడు నెలలు జరిగిపోవచ్చు. మొత్తం తగ్గించవచ్చు. వీడియో గురించి గట్టిగా అడగొచ్చు. మంజూరే రద్దు చేసే అవకాశం కూడా, చిన్నదే అయినా, ఉంది. ఆ మూడు నెలలూ కుర్రాళ్ళ జీతాలెలా అన్నది మీరిద్దరూ ముందే కూర్చుని తేల్చుకోవాలి, ఉత్తరం పంపాక కాదు. రాసేటప్పుడు క్షమాపణల పురాణం వద్దు. 'దరఖాస్తు తర్వాత ఎక్కువసేపు నడిపి చూసిన పరీక్షల్లో తేలినది ఇది' అని మొదలుపెట్టాలని మీకు అనిపిస్తుంది, కానీ ఆ సంగతి మీకు ముందే తెలుసు కాబట్టి అలా రాయకండి, అదింకో అబద్ధమవుతుంది. 'డెమో వీడియో ఆన్ చేసిన తొలి 10 నిమిషాలది, బయటి నుంచి చల్లబరచకుండా 40 నిమిషాలు దాటితే ఫలితాలు ఇలా ఉన్నాయి, గ్రాఫ్ జతచేశాం, సవరించిన మైలురాళ్ళు ఇవి' అని ఒక పేజీ చాలు. ఆ సవరణలోనే పది పల్లెలను రెండు చేయండి. ఇంకోటి, మీరు పంపిన చార్టులో పల్లెల్లో ప్రసారం చేయడానికి కావాల్సిన ప్రయోగ లైసెన్సుకు ఒక్క వారం కూడా కేటాయించలేదు. టెలికం శాఖ సరళ్ సంచార్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి, అనుమతి చేతికి రాకుండా యాంటెన్నా బయట పెట్టి ఆన్ చేయకూడదు. దానికి టైము వేసుకోండి.

మూడోది, వదిలేసి ఉద్యోగంలో చేరడం. మీరు దీన్ని 'ఓడిపోయి పారిపోవడం' అని రాశారు, ఆ మాట నాకు నచ్చలేదు. 14 నెలలు జీతం లేకుండా పనిచేసిన మనిషి కాసేపు జీతం తీసుకుంటే అది పారిపోవడం ఎలా అవుతుంది? అయితే ఒకటి, మీరు వెళ్ళిపోతే ఈ గ్రాంట్ దాదాపు పోయినట్టే, డిజైన్ తెలిసిన మనిషి మీరొక్కరే. చేరబోయే కంపెనీ కాగితాల్లో 'ఉద్యోగంలో ఉండగా చేసిన ప్రతి ఆవిష్కరణా మాదే' అని రాసి ఉంటుంది, మీ కంపెనీ వాటాలు ఉంచుకోవచ్చో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి. 'చిన్న గ్రాంట్ ఏదైనా చూసుకుని తర్వాత మొదలుపెడతా' అన్నారు గానీ, స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ కింద నమూనా దశకు 20 లక్షల దాకా ఇచ్చే గ్రాంట్ రెండేళ్ళు దాటని కంపెనీలకే, మీ కంపెనీకి ఆ వయసు దాటిపోయింది. పరిశోధన, ఆవిష్కరణల కోసం కేంద్రం పెట్టిన లక్ష కోట్ల ఆర్‌డీఐ నిధి గురించి కూడా అడిగారు. అది టీఆర్‌ఎల్ 4 నుంచి పైనున్నవాటికే, పైగా గ్రాంట్ కాదు, తక్కువ వడ్డీకో వడ్డీ లేకుండానో దీర్ఘకాలిక అప్పు, లేదంటే వాటా తీసుకుని పెట్టుబడి. ఫ్యాన్ గాలికి నడిచే బోర్డు మీద ఇప్పుడే అప్పు చేయమని నేను చెప్పలేను.

చిప్ కంపెనీని ఇంకో నెల గడువు అడిగారా? ఉత్తరంలో ఆ ముక్క ఎక్కడా లేదు. అడగండి, చాలామంది ఇస్తారు. ఇవ్వకపోతే అప్పుడు చూద్దాం.

నాన్నగారి 18 లక్షలు. ఇక్కడ కొంచెం కటువుగా మాట్లాడతాను. మీరు 24 లక్షలు తెస్తే చాలనుకుంటున్నారు, చాలదు. విడతకీ విడతకీ మధ్య ఖాళీ ఉంటుంది, ఖర్చు వివరాలు పంపి, వాళ్ళు చూసి, తర్వాతి విడత విడుదల చేసేదాకా కంపెనీ తన జేబులోంచే నడవాలి. నా మొదటి గ్రాంట్‌లో ప్రయాణాల పద్దు కింద మిగిలిన 70 వేలు పెట్టి, అనుమతి అడక్కుండా కనెక్టర్లూ కేబుళ్ళూ కొన్నాను. దొంగతనం కాదు, ప్రాజెక్టుకే కొన్నాను. ఆడిటర్ వచ్చి 'ఏ పద్దు డబ్బు ఆ పద్దుకే' అన్నాడు. ఆ 70 వేల లెక్క తేలేవరకూ ఎనిమిది నెలలు రెండో విడత రాలేదు, ఆ ఎనిమిది నెలల్లో నేను ఎవరెవరి దగ్గర చేబదులు తీసుకున్నానో ఇక్కడ రాయలేను. ఆ దశలో మీ నాన్నగారు ఇంకో పది లక్షలు తెస్తారు, మీరు వద్దన్నా తెస్తారు, మీరు రాసినదాన్ని బట్టి ఆయన అలాంటి మనిషి. కాబట్టి అడగాల్సింది '18 లక్షలు తీసుకోవచ్చా' అని కాదు, ఆ డబ్బంతా పోయినా అమ్మానాన్నల నెలసరి ఖర్చులకు లోటు రాకుండా ఉంటుందా అని. ఆ జవాబు అమ్మకు చెప్పకుండా తెలియదు, ఇంటి లెక్క ఆవిడ చేతిలో ఉంది కదా.

వేరే దారులూ లేకపోలేదు. ప్రాజెక్టు చిన్నదైతే మీ వాటా కూడా చిన్నదవుతుంది, పది పల్లెలు రెండు చేయమన్నది అందుకు కూడా. కొన్ని పథకాల్లో కంపెనీ వాటాలో కొంత భాగం డబ్బుగా కాకుండా, ఇప్పటికే ఉన్న పరికరాలు, పెట్టే పనిగంటల రూపంలో లెక్కకట్టనిస్తారు. మీ మార్గదర్శకాల్లో ఉందేమో చూడండి, లేకపోతే అధికారిని ఫోన్ చేసి అడగండి, అడిగినందుకు ఎవరూ కోప్పడరు. ఇన్ని చూశాక కూడా నాన్న డబ్బే తీసుకోవాల్సి వస్తే, అమ్మకు తెలిసి, అప్పుగా, కాగితం మీద. ప్రైవేట్ కంపెనీ తన డైరెక్టర్ బంధువు దగ్గర డబ్బు తీసుకోవచ్చు, అది తాను వేరేచోట అప్పు చేసి తెచ్చింది కాదని ఆయన రాసివ్వాలి. సీఏకి చెప్తే అరగంట పని.

గ్రాంట్ డబ్బు విషయంలో ఇంకో చిన్న మాట. ప్రత్యేక ఖాతా తెరవండి, అందులో పడే వడ్డీ మీది కాదు, లెక్క చూపి తిరిగి కట్టాలి. ఆ డబ్బుతో కొన్న స్పెక్ట్రమ్ ఎనలైజర్‌ని అడక్కుండా అమ్ముకోకూడదు. వినియోగ ధ్రువపత్రం ఏటా వేళకు పంపాలి. ఇవన్నీ మీ స్నేహితుడి పని, కానీ నెలకోసారి మీ కళ్ళతో చూడండి. దరఖాస్తు చదవకుండా వదిలేసింది ఒకసారి చాలు. ఆ తప్పు మీది కూడానని మీరే రాసుకున్నారు కాబట్టి మళ్ళీ దెప్పను.

గైడ్‌గారి విషయం అన్నిటికన్నా తేలిక అనుకుంటున్నారు, నాకలా అనిపించట్లేదు. ఆవిష్కర్తగా పేరు ఉండటం వేరు, పేటెంట్‌కి యజమాని కావడం వేరు. ఆ యాంటెన్నా ఆలోచనలో ఆయన నిజంగా పాలుపంచుకుని ఉంటే పేరు పెట్టాల్సిందే, ఇష్టాయిష్టాల ప్రసక్తి లేదు. పాలుపంచుకోకపోతే గౌరవం కోసమని పెట్టకూడదు. కానీ యజమానిగా చేరితే మాత్రం, పేటెంట్ చట్టం 50వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు సహయజమానులకు సమాన వాటా ఉంటుంది, ఒకరు ఒప్పుకోకుండా ఇంకొకరు లైసెన్స్ ఇవ్వలేరు. రేపు ఏ టెలికం కంపెనీయో మీ డిజైన్ కావాలంటే, ఆయన సంతకం కోసం తిరగాలి. ఆ పని పీహెచ్‌డీ రోజుల్లో సంస్థ ల్యాబ్‌లో మొదలైంది అని కూడా రాశారు, అప్పుడు హక్కు ఆయనకన్నా ముందు ఆ సంస్థకే ఉండొచ్చు. సంస్థ మేధోహక్కుల విభాగం నుంచి రాతపూర్వకంగా ఒక మాట తీసుకోండి. అది తేలేలోపు ఆ యాంటెన్నా గురించి ఏ కాన్ఫరెన్స్‌లోనూ పేపర్ వేయకండి, ముందు బయటపెడితే కొత్తదనం పోయి పేటెంటే రాకుండా పోవచ్చు. తొందరుంటే తాత్కాలిక వివరణతో దరఖాస్తు వేసి, పూర్తిది 12 నెలల్లో ఇవ్వొచ్చు.

మీ స్నేహితుడి మీద చాలా కోపంగా ఉన్నారు, అర్థమైంది. కానీ ఇవన్నీ అతనితో మాట్లాడకుండా అధికారికి ఉత్తరం పంపేస్తే కంపెనీ ఆ రోజే రెండుగా చీలుతుంది. మాటలతో వాదనకు దిగితే హరిశ్చంద్రుడు మళ్ళీ వస్తాడు. సోమవారం పొద్దున అతన్ని ల్యాబ్‌లో కూర్చోబెట్టండి. ఫ్యాన్ ప్లగ్ తీసేయండి. బోర్డు 256 క్వామ్‌లో ఆన్ చేసి, పక్కన ఉష్ణోగ్రత చూపే తెర పెట్టి, ఇద్దరూ గంటసేపు ఊరికే చూడండి. తర్వాత బోర్డు చల్లారనిచ్చి, 64కి మార్చి ఇంకో గంట. రెండూ కట్ చేయకుండా వీడియో తీయండి. ఆ రెండో గంట గడిచాక కూడా సిగ్నల్ నిలబడితే, మీరు పంపాల్సిన ఉత్తరం అతనే డ్రాఫ్ట్ చేస్తాడని నా అనుమానం. నిలబడకపోతే నాకు మళ్ళీ రాయండి, అప్పుడు చిప్ కంపెనీ గురించి ఇంకొంచెం వివరంగా మాట్లాడుకుందాం.